బంకు బయోడీజిల్ సమీక్ష: రణస్థలంలో పోయిస్తే సుంకి ఘాటు ఎక్కుతుందా? ఆ నూనె ఏ అడవిది?

హైవే పక్క ప్రైవేటు బంకుల్లోనూ, క్రషర్లకూ లారీ యార్డులకూ నేరుగా వచ్చే చిన్న ట్యాంకర్లలోనూ ‘బయోడీజిల్’ పేరుతో అమ్మే బి-100, అంటే డీజిల్ ఏమీ కలపని నూటికి నూరు పాళ్ల బయోడీజిల్ మీద ఈ సమీక్ష. ఏ ఒక్క బంకు గురించీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం రూట్లలో తిరిగే బళ్లకు ఈ ఇంధనం ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది, ఎందుకు మొరాయిస్తుంది అన్నదే విషయం.

తీర్పు ముందే చెప్పేస్తున్నాం. బీఎస్-3, అంతకు ముందు కాలం లారీలకు, ట్రాక్టర్లకు, జనరేటర్లకు ఐదు పాళ్లలో ఒక పాలు (దీన్నే బి-20 అంటారు) కలిపి వాడుకోవచ్చు. బీఎస్-6 బండికి ఒక్క లీటరు కూడా వద్దు. ఇక సరుకు దేనితో తయారైందో కాగితం మీద రాసివ్వని చోట ఏ బండికీ పోయించొద్దు. మూడో మాట అన్నింటికన్నా ముఖ్యం. ముడిసరుకు ఏమిటన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే చలికి ఫిల్టరు పూడుతుందా అన్నదీ, ఆ నూనె కోసం ఎక్కడో అడవి కొట్టారా అన్నదీ రెండూ తేలిపోతాయి.

అసలు డబ్బాలో ఉండేది ఏమిటి

నూనెను నేరుగా ఇంజనులో పోస్తే నాజిళ్లు పూడుకుపోతాయి. చిక్కదనం అంత ఎక్కువ. అందుకని నూనెలో మిథనాల్, కొంచెం సోడియం మిథాక్సైడ్ లాంటి క్షారం కలిపి 60 డిగ్రీల దగ్గర తిప్పుతారు. సుమారుగా 100 కిలోల నూనె, 11 కిలోల మిథనాల్ చర్యలో ఖర్చయి 100 కిలోల ఎస్టరు, 10 కిలోల గ్లిసరిన్ వస్తాయి. చర్య పూర్తిగా జరగాలని మిథనాల్‌ను అవసరానికి రెట్టింపు దాకా పోసి, మిగిలింది వెనక్కి పట్టుకుంటారు. గ్లిసరిన్ కిందకి దిగుతుంది, దాన్ని తీసేసి, ఎస్టరును కడిగి, ఆరబెడితే అదే బయోడీజిల్.

చెడేది కూడా ఇక్కడే. నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు రెండు శాతం దాటితే క్షారం వాటితో కలిసి సబ్బు అవుతుంది. పాత వంటనూనెలోనూ, పామాయిల్ శుద్ధిలో మిగిలే ఫ్యాటీ యాసిడ్ డిస్టిలేట్‌లోనూ ఈ ఆమ్లాలే ఎక్కువ. వీటికి ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఒక విడత వండాలి. ఆ విడత ఎగ్గొట్టిన చిన్న యూనిట్ల సరుకులో సబ్బు, సగం వండిన నూనె, గ్లిసరిన్ మిగిలిపోతాయి. గొట్టంలో చూస్తే బంగారు రంగులో ముచ్చటగానే ఉంటుంది, రంగు చూసి మోసపోవద్దు.

మన వైపు దొరికే సరుకుకు ముడిసరుకు ఎక్కువగా పామ్ కుటుంబానిదే. కాకినాడ రేవు దగ్గరే ఉంది, పామాయిల్ అక్కడే దిగుతుంది, రిఫైనరీలూ బయోడీజిల్ తయారీ కూడా అక్కడే ఉన్నాయి. పామాయిల్‌ను విడదీసినప్పుడు పల్చటి పామోలిన్ వంటింటికి వెళ్తుంది, గట్టిగా గడ్డకట్టే స్టియరిన్ సబ్బుకూ, వనస్పతికీ, బయోడీజిల్‌కూ పోతుంది. జెట్రోఫా, కానుగ అని 2003 నుంచి ఇరవై ఏళ్లుగా వింటున్నాం. 2009 విధానం 2017కల్లా 20 శాతం కలపాలని కూడా రాసుకుంది. ఆ లెక్క కాగితం దాటి రాలేదు. రోడ్ల పక్క కానుగ చెట్లకు కాయలు కాస్తూనే ఉన్నాయి, ఏరేవాళ్లకు కూలి గిట్టదు కనక రాలిపోతూనే ఉన్నాయి.

లీటరు ధర కాదు, కిలోమీటరు ధర చూడండి

బంకువాళ్లు చూపించేది లీటరు మీద తగ్గింపు. బయోడీజిల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి లీటరుకు వచ్చే శక్తి డీజిల్ కన్నా ఏడెనిమిది శాతం తక్కువ. డీజిల్ 97 రూపాయలు అనుకుంటే బి-100 తొంభైకి దొరికినా ఒరిగేదేమీ లేదు. 90కి పైన ఎంతకు కొన్నా మీరు నష్టపోయినట్టే. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీ బి-100 మీద 3.7 దగ్గర నిలుస్తుంది. ఐదింట ఒక పాలు కలిపితే తేడా ఒకటిన్నర శాతమే, మైలేజీలో పట్టుకోలేరు. ‘పికప్పు తగ్గదు బాబూ, ఇంకా పెరుగుతుంది’ అనే మాటను నమ్మొద్దు. పామ్ ఎస్టరు సీటేన్ సంఖ్య (ఇంధనం ఎంత తొందరగా అంటుకుంటుందో చెప్పే కొలత) ఎక్కువ కాబట్టి ఇంజను మెత్తగా స్టార్టవుతుంది, టకటక తగ్గుతుంది. అది వినడానికి పికప్పులా అనిపిస్తుంది అంతే. ఫుల్ లోడుతో ఘాటు ఎక్కేటప్పుడు అసలు తేడా తెలుస్తుంది.

మెచ్చుకోవలసినవి కూడా ఉన్నాయి. గంధకం దాదాపు ఉండదు. పొగ తగ్గడం కంటికి కనిపిస్తుంది. గంధకం తీసేసిన డీజిల్‌కు పోయిన జారుడుగుణాన్ని ఒకటి రెండు శాతం బయోడీజిల్ తిరిగి తెస్తుంది, పాత ఇన్‌లైన్ పంపుకు అది మేలే. మండే ఉష్ణోగ్రత డీజిల్ కన్నా చాలా ఎక్కువ, నిల్వలో నిప్పు భయం తక్కువ.

చలి: అసలు పరీక్ష సాలూరు దాటాకే

పామాయిల్‌లో 44 శాతం దాకా పామిటిక్ ఆమ్లం అనే గట్టి కొవ్వు. దాని ఎస్టరు చలికి తొందరగా మైనమవుతుంది. పామ్ బయోడీజిల్ 13 నుంచి 16 డిగ్రీల మధ్య మబ్బుపడుతుంది. స్టియరిన్ పాలు ఎక్కువైతే ఇంకా పైనే. మరో నాలుగైదు డిగ్రీలు దిగితే ఫిల్టరు కాగితం మీద మైనం పేరుకుని ఇంధనం ఆగిపోతుంది. చలికాలం కొబ్బరినూనె సీసా తెల్లబడినట్టే ఇదీ తెల్లబడుతుంది, కాకపోతే టాంకీలో జరుగుతుంది కాబట్టి కనిపించదు.

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా తీరం రోడ్డు మీద డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు కూడా సాధారణంగా 15 డిగ్రీలకు మరీ కిందకి దిగవు. అక్కడ బి-20తో ఏ ఇబ్బందీ రాదు, బి-100తో తెల్లవారి కాస్త మొండికేస్తుంది. కథ మారేది సాలూరు దగ్గర. లారీల ఊరని పేరున్న సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కి పొట్టంగి, సెమిలిగుడ, సునాబెడ మీదుగా కోరాపుట్ వెళ్లే బండి రెండు మూడు గంటల్లో మైదానం నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అక్కడ చలికాలం రాత్రులు పది డిగ్రీల దగ్గర, కొన్నిసార్లు అంతకన్నా కింద. కింద పగలు 28 డిగ్రీల్లో పోయించిన బి-100 పైన రాత్రి ఆగిన బండిలో గడ్డకడుతుంది. నడుస్తున్నంతసేపూ రిటర్న్ లైను వేడి నూనెను టాంకీకి తెస్తుంది కాబట్టి తెలియదు. ఇంజను ఆపి పడుకుని లేస్తే బండి స్టార్టవుతుంది, ఫర్లాంగు నడిచి ఆగిపోతుంది. పైపుల్లో ఉన్న నూనె అయిపోయి ఫిల్టరు పట్టేసిందన్నమాట.

అలా ఆగినప్పుడు చాలామంది చేసేది టాంకీ కింద గుడ్డ కాల్చడం. అది ప్రాణం మీదికి తెచ్చుకునే పని. ఫిల్టరు గిన్నె మీద, పైపుల మీద గుడ్డ చుట్టి వేడినీళ్లు పోయండి. ఫిల్టరు మార్చే పనైతే కొత్త ఫిల్టరును మామూలు డీజిల్‌తో నింపి బిగించండి. టాంకీలో ఖాళీ ఉంటే డీజిల్ పోసి బయోడీజిల్ పాలు తగ్గించండి. కిరసనాయిలు కలిపే అలవాటు మానుకోండి, పంపు అరుగుతుంది. ఇవన్నీ పైన చేసే తంటాలు. కొండెక్కే బండికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాలూరు దాటే ముందే టాంకీ పూర్తిగా డీజిల్‌తో నింపుకోవడమే పద్ధతి.

భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) బయోడీజిల్‌కు పెట్టిన ప్రమాణం ఐఎస్ 15607 ఈ విషయంలో కాలాన్ని బట్టి రెండు హద్దులు పెట్టింది: ఫిల్టరు పట్టేసే ఉష్ణోగ్రత శీతాకాలం సరుకుకు 6 డిగ్రీలు, వేసవి సరుకుకు 18 డిగ్రీలు దాటకూడదు. ఒట్టి పామ్ ఎస్టరు వేసవి పరీక్షలో సులువుగా నెగ్గుతుంది, శీతాకాలం పరీక్షలో తప్పుతుంది. కాబట్టి బంకులో ‘టెస్ట్ రిపోర్టు ఉందండీ’ అంటే సరిపోదు. డిసెంబరులో మే నెల రిపోర్టు చూపిస్తుంటే అది రిపోర్టు కానట్టే లెక్క.

కొనే ముందు అరగంట పరీక్ష

పెద్ద ల్యాబు అక్కర్లేదు. హైడ్రోమీటరు, థర్మామీటరు, రెండు గాజు సీసాలు, కాస్త మంచు, మిథనాల్ చాలు.

మొదట సాంద్రత. బయోడీజిల్ 15 డిగ్రీల దగ్గర 0.860 నుంచి 0.900 మధ్య ఉండాలి. బీఎస్-6 డీజిల్ 0.845 లోపే. మన ఎండలో 15 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి కాబట్టి డిగ్రీకి 0.0007 చొప్పున తగ్గించి చూసుకోవాలి. 30 డిగ్రీల దగ్గర 0.850 నుంచి 0.890 రావాలి. 0.82, 0.83 చూపిస్తే అది బయోడీజిల్ కాదు, ఏదో పెట్రోలియం ద్రావకం. గుజరాత్‌లో ఇండస్ట్రియల్ ఆయిల్‌ను బయోడీజిల్ పేరుతో అమ్మిన బంకుల మీద పెద్ద ఎత్తున దాడులే జరిగాయి. మూత తీయగానే ఘాటైన కిరసనాయిలు వాసన కొడితే పరీక్ష అక్కడితో ఆపేసి వచ్చేయొచ్చు. నిజమైన సరుకు వాసన వాడిన వంటనూనెకు దగ్గరగా ఉంటుంది.

తరవాత మిథనాల్ పరీక్ష. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల సరుకు పోసి బాగా ఊపి పది నిమిషాలు ఉంచండి. బాగా వండిన బయోడీజిల్ మొత్తం కరిగి తేటగా ఉంటుంది. అడుగున నూనె చుక్కలు చేరితే ఆ మేరకు నూనె నూనెగానే మిగిలిందని. ఇది 20 డిగ్రీల పైన చేయాలి. చలిలో చేస్తే మంచి పామ్ ఎస్టరు కూడా విడిపోయి తప్పుడు ఫలితం ఇస్తుంది. మిథనాల్ విషం, కంటికి కనిపించని మంటతో మండుతుంది. గాలి ఆడేచోట, బీడీకి దూరంగా, చేతికి తొడుగులతో చేయండి.

మూడోది నీళ్ల పరీక్ష. సగం సీసా సరుకు, సగం నీళ్లు, గట్టిగా ఊపి అరగంట వదిలేయండి. రెండూ విడిపోయి మధ్య గీత స్పష్టంగా కనిపించాలి. మజ్జిగలా తెల్లగా ఉండిపోతే సబ్బు మిగిలిందని అర్థం. ఆ సబ్బే ఫిల్టరులో జిగురవుతుంది.

చివరికి మంచు. సీసాను మంచునీళ్ల బకెట్లో పెట్టి నెమ్మదిగా కలుపుతూ మొదటి మబ్బు ఏ డిగ్రీ దగ్గర పట్టిందో చూడండి. 18కి పైన పడితే స్టియరిన్ బాగా ఉంది. 13–16 అయితే పామ్. పదికి కింద అయితే వేరే నూనెల పాలు ఎక్కువ. సరుకులో తేమ ఉంటే అది కూడా మబ్బులా కనిపిస్తుంది, కాబట్టి ముందు ఒక చుక్క వేడి పెనం మీద వేసి చిటపటలాడుతుందేమో చూసుకోవాలి.

ఈ మంచు పరీక్ష ఒక చోట తప్పుదారి పట్టిస్తుంది. ‘మాది వాడిన వంటనూనెతో చేసింది’ అనే సరుకు కూడా మన దగ్గర పామ్ లాగే మబ్బుపడొచ్చు. బజ్జీల బండ్లు, హోటళ్లు వేయించేది ఎక్కువగా పామోలిన్‌లోనే కాబట్టి వాడిన నూనె కూడా పామే. కొత్త పామాయిలా, రెండుసార్లు బజ్జీలు వేగిన పామాయిలా అన్నది సీసా చెప్పదు. యూరప్‌కు వెళ్లే సరుకులో కొత్త పామాయిల్‌నే వాడిన నూనెగా రాసి పంపుతున్నారన్న అనుమానాలు అందుకే తేలకుండా ఉన్నాయి. ఇంజనుకు ఆ తేడా చిన్నది. అడవికి మాత్రం చాలా పెద్దది.

బండిలో ఏది ముందు పోతుంది

మొదటి వారాల్లో ఫిల్టర్లు. బయోడీజిల్ మంచి ద్రావకం. ఏళ్ల తరబడి టాంకీ గోడలకు పట్టిన డీజిల్ మష్టును అది కరిగించి ఫిల్టరుకు తెస్తుంది. నిందంతా కొత్త నూనె మీద పడుతుంది, తెచ్చింది పాత మురికి. టాంకీ విప్పి కడిగించి మొదలుపెట్టండి, మొదటి రెండు మూడు ఫుల్ ట్యాంకుల తరవాత ఫిల్టరు మార్చండి, ఒక ఫిల్టరు ఎప్పుడూ క్యాబిన్‌లో ఉంచండి.

తరవాత రబ్బరు. పాత బళ్లలో మామూలు రబ్బరు, నైట్రైల్ గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి. ముందు చెమ్మ పడుతుంది, తరవాత గాలి పీల్చి బండి మిస్సింగ్ కొడుతుంది. ఎక్కువ పాలు వాడేవాళ్లు బయోడీజిల్‌కు తట్టుకునే వైటాన్ రబ్బరు గొట్టాలు, సీళ్లు వేయించుకోవాలి. ఇత్తడి, రాగి, జింకు పూత ఉన్న భాగాలు బయోడీజిల్‌ను పాడుచేస్తాయి, అవీ పాడవుతాయి. జీఐ డ్రమ్ములో నిల్వ చేయడం అన్నింటికన్నా తప్పు. మామూలు ఇనుప డ్రమ్ము లేదా మందపాటి ప్లాస్టిక్ డ్రమ్ము మంచిది. రంగు మీద ఒలికితే వెంటనే తుడవండి, బాడీ పెయింటు లేచిపోతుంది.

నీళ్లు. డీజిల్ కన్నా బయోడీజిల్ ఎన్నో రెట్లు ఎక్కువ తేమ పట్టుకుంటుంది. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలిలో సగం ఖాళీ టాంకీ రాత్రంతా ఉంటే అడుగున నీళ్లు చేరతాయి. ఆ నీటికీ నూనెకూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు అవుతుంది. డీజిల్ ఇంజను పడవలకు అందుకే బి-100ను సిఫారసు చేయలేం. లారీకైతే టాంకీ సాయంత్రం నింపి పెట్టడం, పొద్దున్నే సెపరేటరు నీళ్లు వదలడం అలవాటు చేసుకోవాలి.

నిల్వ మూడు నెలలు దాటించొద్దు. నూనె గాలితో కలిసి పులుస్తుంది, ఆమ్లం పెరుగుతుంది, జిగురు కడుతుంది. ఈ ఒక్క విషయంలో పామ్ మిగతా నూనెల కన్నా మెరుగు. చలికి ముంచిన ఆ గట్టి కొవ్వులే ఇక్కడ కాపాడతాయి. నెలకోసారి స్టార్ట్ చేసే జనరేటరుకు మాత్రం దీన్ని పోయొద్దు, అవసరమైన రోజే అది మొండికేస్తుంది.

బీఎస్-6 ఎందుకు వద్దంటున్నామంటే, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన ఈ బళ్లలో పొగ వడపోత డబ్బాను కాల్చి శుభ్రం చేయడానికి ఇంజను అప్పుడప్పుడు అదనంగా ఇంధనం కొడుతుంది. డీజిల్ అయితే ఆవిరై పోతుంది. బయోడీజిల్ ఆవిరవ్వడానికి ఎక్కువ వేడి కావాలి, సిలిండరు గోడ మీదుగా జారి ఇంజనాయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంటే సంతోషపడకండి, బేరింగులు పోయే ముందు లక్షణం అది. నాసిరకం సరుకులో మిగిలిన సోడియం, ఫాస్ఫరస్ వెనకాల పొగను శుద్ధి చేసే ఉత్ప్రేరకాన్ని చంపేస్తాయి. మామూలు డీజిల్‌లో ఏడు శాతం దాకా బయోడీజిల్ కలపడానికి ప్రమాణాల్లోనే అనుమతి ఉంది, ఈ బళ్లకు హద్దు అంతే. ఆపైన పోయించాక వారంటీ గురించి షోరూములో వాదించి లాభం లేదు.

పాత బండికి బి-20 కలిపే తీరు: ముందు 160 లీటర్ల డీజిల్, దాని మీద 40 లీటర్ల బయోడీజిల్. బరువైనది పైన పోస్తేనే కిందకి దిగుతూ కలుస్తుంది. తిరగేసి పోస్తే అడుగున అలాగే ఉండి ముందు అదే ఇంజనుకు వెళ్తుంది. ఇంజనాయిల్ మార్పు గడువు మూడో వంతు తగ్గించండి.

ఇక అడవి

‘గ్రీన్ ఫ్యూయల్’ అని పచ్చటి ఆకు బొమ్మ వేసిన బోర్డుకు ఈ సమీక్షలో మార్కులు వేయలేకపోవడానికి కారణం ఇది.

ఆయిల్ పామ్ చెట్టు చెడ్డది కాదు. హెక్టారుకు మూడు, నాలుగు టన్నుల నూనె ఇస్తుంది, సోయా అర టన్ను దగ్గర ఉంటుంది. ఎక్కడ నాటారన్నదే ప్రశ్న. ప్రపంచ పామాయిల్‌లో 80 శాతానికి పైగా ఇండోనేషియా, మలేషియాలది. ఇండోనేషియాలోని సుమత్రా, కాలిమంతాన్‌లలో వర్షారణ్యం కొట్టి, పీట్ అనే కుళ్లిన ఆకుల నేలను కాలువలు తీసి ఎండగట్టి తోటలు వేశారు. నీళ్లలో మునిగి ఉన్నంతకాలం వేల ఏళ్లుగా కదలని కార్బన్, ఎండగానే ఏటా గాలిలో కలుస్తూనే ఉంటుంది. నిప్పు పడితే నెలల తరబడి కాలుతుంది. 2015లో ఇండోనేషియాలో 26 లక్షల హెక్టార్లు తగలబడ్డాయి.

ఆ నష్టాన్ని బయోడీజిల్ ఆదాతో తీర్చాలంటే ఎంతకాలం పడుతుందో 2008లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన లెక్కగట్టింది: మామూలు నేల మీది అడవి అయితే 86 ఏళ్లు, పీట్ అడవి అయితే 423 ఏళ్లు. యూరోపియన్ కమిషన్ చేయించి 2015లో వచ్చిన అధ్యయనం పామ్ బయోడీజిల్‌కు అడవీ పీట్ నేలా తోటలుగా మారడం లాంటి భూమి మార్పు వల్లనే ఒక మెగాజౌలు శక్తికి 231 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వేసింది. పెట్రోలియం డీజిల్ బావి నుంచి పొగగొట్టం దాకా మొత్తం కలిపినా 90 గ్రాముల చుట్టుపక్కలే. అంటే పచ్చ బోర్డు సరుకు నల్ల సరుకు కన్నా రెట్టింపు దాటింది. 2008 తరవాత విస్తరించిన పామ్ సాగులో 45 శాతం కార్బన్ దండిగా ఉన్న నేలల్లోకే వెళ్లిందని తేల్చి, యూరోపియన్ యూనియన్ 2019లో దాన్ని భూమి మార్పు ముప్పు ఎక్కువున్న సరుకుగా ముద్ర వేసింది. 2023 నుంచి తగ్గిస్తూ 2030కల్లా పునరుత్పాదక ఇంధన లెక్కల్లోంచి తీసేస్తోంది. ఇండోనేషియా, మలేషియా దీన్ని ప్రపంచ వాణిజ్య సంస్థలో సవాలు చేశాయి.

రెండో వైపు కూడా చెప్పాలి. ఇండోనేషియా 2011లో ఆదిమ అడవుల్లో, పీట్ నేలల్లో కొత్త అనుమతులు ఆపి 2019లో ఆ నిషేధాన్ని శాశ్వతం చేసింది. పామ్ కోసం అడవి కొట్టడం పదేళ్ల కిందటి కన్నా తగ్గింది. కానీ అదే దేశం తన డీజిల్‌లో పామ్ పాలును 2020లో 30 శాతానికి, 2023లో 35కి, 2025లో 40కి పెంచుకుంటూ పోయింది. అంత నూనె టాంకీల్లోకి పోతుంటే వంటింటికి కావలసింది ఎక్కడో కొత్త నేల మీద పండాలి. మీ లీటరు ముప్పై ఏళ్ల కిందటి తోట నుంచే వచ్చిందని రుజువు చేసినా ఈ చిక్కు పోదు. వంటకు పోవలసినదాన్ని మీరు కాల్చారు, ఆ లోటు పూడ్చడానికి ఇంకొకడు అడవి అంచుకు వెళ్తాడు. నరసన్నపేట కిరాణాకొట్లో పామోలిన్ ప్యాకెట్ ధరకూ జకార్తా నిర్ణయాలకూ లంకె ఉంది. 2022 ఏప్రిల్ 28న ఎగుమతి ఆపి మే 23న వదిలిన ఇండోనేషియా దాన్ని మన వంటింటికి నేర్పించే వెళ్లింది.

మన లారీలు సుమత్రా అడవిని కొట్టేస్తున్నాయనడం అతిశయోక్తి. దేశంలో ఇప్పుడు కలుస్తున్న బయోడీజిల్ డీజిల్‌లో ఒక్క శాతం కూడా లేదు. అయితే 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030కి 5 శాతం లక్ష్యం పెట్టుకుంది. దేశం ఏటా కాల్చే డీజిల్ 9 కోట్ల టన్నులు. అందులో 5 శాతం అంటే 45 లక్షల టన్నులు. మనం వంటకు దిగుమతి చేసుకునే పామాయిలే ఏటా 80, 90 లక్షల టన్నులు, దాంట్లో సగం అన్నమాట. విధానం వాడిన నూనె, తినడానికి పనికిరాని నూనె అంటోంది. ఆ పరిమాణంలో అవి లేవు. లేనప్పుడు మిల్లు ఎటు చూస్తుందో చెప్పనక్కర్లేదు.

పార్వతీపురం, విజయనగరం వైపు రైతులు వేస్తున్న ఆయిల్ పామ్ తోటల్ని ఈ గాటన కట్టొద్దు. ఇక్కడ అది ఎక్కువగా ఇప్పటికే సాగులో ఉన్న పొలాల్లో పంట మార్పు. 2021లో 11,040 కోట్లతో మొదలైన జాతీయ మిషన్ కూడా వంటనూనె కోసమే. అక్కడి సమస్య నీళ్లు, వేసవిలో పెద్ద చెట్టుకు రోజుకు 200 లీటర్లకు పైనే కావాలి. అది వేరే చర్చ.

కాగితాలు అడిగే పద్ధతి

కాబట్టి నిజంగా మెచ్చుకోదగ్గ బయోడీజిల్ ఒక్కటే: ఇక్కడి హోటళ్లలో వాడేసిన నూనెతో చేసింది. దానికి రెండు లాభాలు. కొత్తగా చెట్టు నాటక్కర్లేదు, ఆ నూనె మళ్లీ బజ్జీల బాండీలోకి తిరిగి రాదు. పదేపదే కాగడంతో నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు మొత్తం 25 శాతం దాటితే ఆ నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రత సంస్థ 2018 జులై నుంచి నిబంధన పెట్టింది. రోజుకు 50 లీటర్లకు పైన వేయించే హోటలు దాని లెక్క పుస్తకం రాయాలి, అధీకృత సేకరణదారుకే ఇవ్వాలి. అంటే వాడిన నూనెకు కాగితాల గొలుసు ఉంటుంది. అది చూపించగలిగితేనే ఆ మాట చెల్లుతుంది. హోటలు, సేకరణదారు, మిల్లు, బంకు, ఈ నాలుగు చోట్ల పరిమాణాలు సరిపోవాలి.

పామ్ సరుకైతే అడవి కొట్టకుండా పండించారని చెప్పే ఆర్‌ఎస్‌పీవో, ఐఎస్‌సీసీ అనే అంతర్జాతీయ సంస్థల ధ్రువపత్రాలు చూపిస్తారు. పత్రంలో ‘మాస్ బ్యాలెన్స్’ అని ఉందేమో చూడండి. ఉంటే ధ్రువీకరించిన నూనె, మామూలు నూనె ఒకే ట్యాంకులో కలిశాయని, లెక్క మాత్రమే విడిగా రాశారని అర్థం. మీ డబ్బాలో ఉన్నది ఏ తోటదో ఆ పత్రం చెప్పలేదు. ‘సెగ్రిగేటెడ్’ అని ఉంటే సరుకు విడిగానే వచ్చిందని. బంకు స్థాయిలో రెండోది దొరకడం అరుదు.

బంకు రిజిస్ట్రేషన్ కాగితం, పంపు మీద తూనికలు కొలతల శాఖ ముద్ర, ఐఎస్ 15607 ప్రకారం బ్యాచ్ రిపోర్టు, ఈ మూడూ లేకపోతే బేరం అక్కర్లేదు. రిపోర్టులో ముందు చూడాల్సిన అంకెలు నాలుగు: ఎస్టరు 96.5 శాతానికి తగ్గకూడదు, నీరు కిలోకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, ఆమ్లత 0.5 లోపు, మొత్తం గ్లిసరిన్ 0.25 శాతం లోపు. బిల్లు మీద ఉత్త ‘బయోడీజిల్’ అని కాకుండా ముడిసరుకు పేరు, బ్యాచ్ నంబరు, తేదీ రాయించుకోండి. యార్డుకు ట్యాంకరు వస్తే దించే ముందే ఒక లీటరు గాజు సీసాలో పట్టి, డ్రైవరు సంతకంతో సీలు వేసి, ఆ లోడు పూర్తిగా వాడేసేదాకా వెలుతురు తగలని చోట ఉంచండి.